సూర్యుడి వాతావరణాన్ని లెక్కకట్టిన మేఘనాద్ సాహా

సిములియా అనే ఊళ్లో అనంత కుమార్ దాస్ అనే వైద్యుడు ఒక బీద కుర్రాడికి తన ఇంట్లో చోటిచ్చాడు. తిండి ఉచితం, పడక ఉచితం. బదులుగా ఇంటి ఆవును చూసుకోవాలి, తిన్న కంచం తానే కడుక్కోవాలి. ఆవును చూసుకోవడం పని. కంచం సంగతి వేరు. ఆ ఇంట్లో మిగతా వాళ్ల కంచాలు కడిగే చేతులు ఈ కుర్రాడి కంచాన్ని తాకకూడదు. అది కులం పెట్టిన షరతు.

ఆ కుర్రాడు మేఘనాద్ సాహా. ఇరవై ఏడేళ్లు నిండేసరికి, నక్షత్రాల వెలుగును చూసి అక్కడి వేడిమి ఎంతో చెప్పగల సమీకరణాన్ని ప్రపంచానికి ఇచ్చాడు. ఖగోళ భౌతికశాస్త్రం చదివే ఏ విద్యార్థి అయినా ఈ రోజుకీ సాహా సమీకరణం నేర్చుకోకుండా ముందుకు పోలేడు. ఆయన గురించి వచ్చే వ్యాసాల్లో చాలావరకు బీద కుటుంబంలో పుట్టాడని రాసి ఊరుకుంటాయి. బీదరికం గురించి రాయడం సులువు, అందులో ఎవరి తప్పూ కనబడదు. కంచం గురించి రాయాలంటే కడగనన్న వాళ్ల గురించి కూడా రాయాలి.

1893 అక్టోబర్ 6న ఢాకా దగ్గరి శేవరాతలి గ్రామంలో సాహా పుట్టాడు. తండ్రి జగన్నాథ్ సాహాది చిన్న కిరాణా కొట్టు. తల్లి భువనేశ్వరి దేవి. ఎనిమిది మంది పిల్లల్లో ఈయన ఐదోవాడు. గాలివాన రోజున పుట్టినందుకు మేఘనాథ్ అని పేరు పెట్టారనీ, పెద్దయ్యాక తానే దాన్ని మేఘనాద్ అని మార్చుకున్నాడనీ చెబుతారు. మేఘనాదుడంటే ఇంద్రజిత్తు, రావణుడి కొడుకు. ఇంద్రుడి పేరు వదిలి ఇంద్రుణ్ణి జయించినవాడి పేరు పెట్టుకున్నాడన్నమాట.

కులం విషయం ఇక్కడే స్పష్టంగా చెప్పుకోవాలి. సాహాలు సుంరి అనే పెద్ద కులసమూహం నుంచి వచ్చినవాళ్లు. సుంరిలది సారా కాచి అమ్మే వృత్తి. మన దగ్గర కలాలీలు చేసిన పని లాంటిదే. వాళ్ల చేతి నీళ్లు బెంగాల్ అగ్రకులాలు పుచ్చుకునేవి కావు. సాహాల్లో చాలామంది వ్యాపారాల్లోకి మళ్లి, తమను సుంరిల నుంచి వేరు చేసి చూడమని కోరుకున్నారు. ఈనాటి పశ్చిమ బెంగాల్ ఎస్సీ జాబితాలో సుంరి కులం పేరు పక్కనే, సాహాలు మినహా అని ఉంటుంది. కాబట్టి ఆయన్ని దళిత శాస్త్రవేత్త అని రాసుకుంటే అది పొరపాటు. మనం మెచ్చుకునే మనిషైనా సరే, లేని ముద్ర వేయనక్కర్లేదు. కానీ అగ్రకులాల పంక్తిలో చోటు లేని మనిషి బతుకేమిటో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

తండ్రి కొడుకును కొట్లో కూర్చోబెట్టాలనుకున్నాడు. ఊళ్లో ప్రాథమిక పాఠశాల వరకే ఉంది, పై చదువుకు పది కిలోమీటర్ల దూరంలోని సిములియా వెళ్లాలి. అన్న జయనాథ్ పట్టుబట్టి అక్కడి వైద్యుడి ఇంట్లో ఏర్పాటు చేశాడు. ఆ బడిలో చదివి మేఘనాద్ ఢాకా జిల్లా మొత్తానికి మొదటివాడిగా వచ్చాడు. నెలకు నాలుగు రూపాయల స్కాలర్‌షిప్పు దొరికింది. 1905లో ఢాకా కాలేజియేట్ స్కూల్లో చేరాడు. జనపనార కంపెనీలో ఇరవై రూపాయల జీతగాడైన అన్న అందులోంచి నెలకు ఐదు రూపాయలు పంపేవాడు. ఒక వైశ్య సంఘం రెండు రూపాయలు ఇచ్చేది. ఈ పదకొండు రూపాయలే చదువు, తిండి, బట్ట.

అదే ఏడాది బెంగాల్ విభజన జరిగింది. గవర్నర్ బామ్‌ఫీల్డ్ ఫుల్లర్ బడికి వస్తే విద్యార్థులు నిరసన తెలిపారు. అందులో ఉన్నందుకు మేఘనాద్‌ను బడి నుంచి పంపేశారు, స్కాలర్‌షిప్పు పోయింది. కిశోరీలాల్ జూబిలీ స్కూలు చేర్చుకోబట్టి సరిపోయింది. 1909 ఎంట్రన్స్ పరీక్షలో తూర్పు బెంగాల్ విద్యార్థులందరిలో మొదటివాడు ఆయనే. మధ్యలో బాప్టిస్టు మిషన్ వాళ్లు పెట్టిన బైబిల్ పరీక్ష కూడా రాసి మొదటి బహుమతి వంద రూపాయలు తెచ్చుకున్నాడు. వంద రూపాయలంటే ఆ ఇంట్లో ఎన్ని నెలల తిండో లెక్క వేసుకోవచ్చు.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ. ఇది మరో లోకం. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ పాఠాలు చెబుతున్నారు. సత్యేంద్రనాథ్ బోస్ సహాధ్యాయి. మహలనోబిస్ ఒక ఏడాది ముందు తరగతి. భారతీయ విజ్ఞానశాస్త్రంలో పెద్ద పేర్లు చాలావరకు ఆ ఒక్క ప్రాంగణంలోనే తిరుగుతున్నాయి. సాహా బస మాత్రం ఈడెన్ హిందూ హాస్టల్. అక్కడి అగ్రకుల విద్యార్థులు ఆయనతో ఒకే గదిలో కూర్చుని అన్నం తినడానికి అభ్యంతరం చెప్పారు. సరస్వతీ పూజ దగ్గర కూడా ఆయన్ని దూరం పెట్టారని జీవితచరిత్రలు రాసినవాళ్లు నమోదు చేశారు. సిములియాలో కంచం కడుక్కున్నది పల్లెటూరి ఆచారం అని సర్దిచెప్పుకోవచ్చు. ఈడెన్ హాస్టల్ కుర్రాళ్లు దేశంలోకెల్లా మంచి కాలేజీలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుతున్నవాళ్లు. చదువుకుంటే కులం దానంతటదే పోతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లు ఈ హాస్టల్ భోజనశాలను ఒకసారి గుర్తుచేసుకోవాలి.

బీఎస్సీలోనూ ఎమ్మెస్సీలోనూ సత్యేంద్రనాథ్ బోస్ మొదటి స్థానం, సాహా రెండో స్థానం. విప్లవకారులతో పరిచయాలున్నందుకు ప్రభుత్వ ఆర్థికశాఖ ఉద్యోగ పరీక్ష రాయనివ్వలేదు. దొరల ప్రభుత్వం చేసిన ఆ పని వల్ల దేశానికి ఒక గుమాస్తా తగ్గి, ఒక శాస్త్రవేత్త మిగిలాడు. కలకత్తాలో ఒక కొస నుంచి ఇంకో కొసకు సైకిల్ తొక్కి ట్యూషన్లు చెప్పుకునే ఆ రోజుల్లో, 1916లో అశుతోష్ ముఖర్జీ ఆయన్ని కొత్తగా తెరిచిన సైన్స్ కాలేజీలో లెక్చరర్‌గా తీసుకున్నాడు. అక్కడ సరైన ప్రయోగశాల లేదు. సాహా పుస్తకాల మీద పడ్డాడు. ఆగ్నెస్ క్లర్క్ అనే రచయిత్రి ఖగోళశాస్త్రం గురించి సామాన్యుల కోసం రాసిన పుస్తకాలే ఆయనకు నక్షత్రాల మీద ఆసక్తి పుట్టించాయి. ఢాకాలో నేర్చుకున్న జర్మన్ భాష ఇక్కడ అక్కరకొచ్చింది. ఐన్‌స్టైన్ సాపేక్షతా సిద్ధాంత పత్రాలను సాహా, బోస్ కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. కలకత్తా విశ్వవిద్యాలయం 1920లో ఆ పుస్తకాన్ని అచ్చువేసింది.

ఈ రోజుల్లో జరిగిన ఒక సంగతి పరిశోధనలో ఉన్న మన పిల్లలు తప్పక తెలుసుకోవాలి. వెలుగుకు ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి అన్ని పరమాణువుల మీదా ఒకేలా పనిచేయదు, కొన్నింటిని ఎంచుకుని పైకి నెడుతుంది అని సాహా ఒక పెద్ద పత్రం రాసి 1917 చివర్లో అమెరికాలోని ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌కు పంపాడు. పత్రం పొడవుగా ఉంది, అచ్చు ఖర్చులో కొంత మీరు భరిస్తే వేస్తామని జవాబొచ్చింది. అది వందల డాలర్ల మాట. ఆయన దగ్గర లేవు. చివరికి ఆ జర్నల్‌లో ఒక చిన్న నోట్ మాత్రమే పడింది. పూర్తి పత్రం కలకత్తా విశ్వవిద్యాలయం సొంత పత్రికలో వచ్చింది. దాన్ని బయటి దేశాల్లో చదివినవాళ్లు లేరు. తర్వాత ఆ ఆలోచనను ఇంగ్లండ్‌లో మిల్న్ అనే శాస్త్రవేత్త బాగా పెంచి పేరు తెచ్చుకున్నాడు. సాహా ఈ బాధను చాలా ఏళ్ల తర్వాత ఒక ఉత్తరంలో బయటపెట్టాడు.

1920లో అసలు పని వచ్చింది. సూర్యుడి ఉపరితలం పైన క్రోమోస్ఫియర్ అని ఒక పలచని పొర ఉంటుంది. అది సూర్యుడి వాతావరణం. గ్రహణం వేళ చూస్తే ఆ పొరలో కాల్షియం గీతలు ఎంతో ఎత్తున, 14,000 కిలోమీటర్ల వరకు కనిపించేవి. తేలికైన హైడ్రోజన్ పైన తేలాలి గానీ, దానికి నలభై రెట్లు బరువైన కాల్షియం అంత పైన ఎందుకుంది? పైగా ఆ గీతలు మామూలు కాల్షియంవి కావు, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కాల్షియంవి. పైకి పోయేకొద్దీ వేడి తగ్గుతుందని అప్పటివాళ్ల లెక్క. అలాంటప్పుడు పైన ఎలక్ట్రాన్లు ఊడిపోవడమేమిటని అందరూ తలపట్టుకున్నారు.

సాహా దీన్ని రసాయనశాస్త్రం దారిలో చూశాడు. ఒక సమ్మేళనం వేడికి విడిపోవడం, మళ్లీ కలవడం లాంటిదే పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ విడిపోవడం, మళ్లీ కలవడం. వేడి పెరిగితే విడిపోతుంది. కానీ వేడి ఒక్కటే కాదు, ఒత్తిడి కూడా లెక్కలోకి వస్తుంది. కిక్కిరిసిన జాతరలో చెయ్యి వదిలిన పిల్లవాణ్ణి పక్కనున్నవాళ్లెవరో ఒకరు వెంటనే పట్టుకుంటారు. ఖాళీ మైదానంలో పట్టుకునేవాళ్లుండరు. సూర్యుడి పై పొరలు ఆ ఖాళీ మైదానం లాంటివి. ఊడిన ఎలక్ట్రాన్‌కు మళ్లీ పరమాణువు ఎదురుపడడం అరుదు. అందుకే పైన ఎలక్ట్రాన్ పోయిన కాల్షియం ఎక్కువ. వేడి, ఒత్తిడి, ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి కావాల్సిన శక్తి, ఈ మూడూ తెలిస్తే ఎన్ని పరమాణువులు విడిపోయి ఉంటాయో సాహా సమీకరణం చెబుతుంది. ఇంత పనీ కలకత్తాలోనే, కాగితం మీద జరిగింది.

దీని ఫలితం చిన్నది కాదు. హార్వర్డ్ వాళ్లు నక్షత్రాలను వాటి వెలుగులోని గీతలను బట్టి రకరకాల తరగతులుగా విడదీసి పెట్టారు. అవి ఎందుకలా ఉన్నాయో తెలియదు. ఒక నక్షత్రంలో ఒక మూలకం గీతలు లేకపోతే ఆ మూలకమే అక్కడ లేదనుకునేవాళ్లు చాలామంది. సాహా లెక్క ఆ అలవాటును మార్చింది. గీత కనబడకపోతే మూలకం లేదని కాదు, అది కనబడే పరిస్థితి అక్కడ లేదని అర్థం. సూర్యుడిలో రుబీడియం గీతలు కనబడవు. అక్కడి వేడికి దాని ఎలక్ట్రాన్ ఊడిపోతుంది కాబట్టి. అయితే సూర్యుడి మచ్చలు కొంచెం చల్లగా ఉంటాయి, అక్కడ వెతకండని సాహా చెప్పాడు. అమెరికాలో రస్సెల్ మౌంట్ విల్సన్ చిత్రాల్లో వెతికితే రుబీడియం దొరికింది. ప్రొఫెసర్ల జాబితాల్లో మన పేర్లు లేవు కాబట్టి మనలో ప్రతిభ లేదనేవాళ్లతో మాట్లాడేటప్పుడు నాకు ఈ రుబీడియం గుర్తొస్తుంది. 1925లో సెసీలియా పేన్ అనే యువతి ఇదే సమీకరణంతో లెక్కవేసి నక్షత్రాల్లో అత్యధికంగా ఉన్నది హైడ్రోజనేనని చూపింది. పెద్దలు మొదట ఒప్పుకోలేదు. ఆమెను హార్వర్డ్ ప్రొఫెసర్‌ను చేసింది 1956లో.

1920లోనే సాహా లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ ప్రయోగశాలకు వెళ్లాడు. అక్కడి కొలతలతో తన పనిని సరిదిద్ది 1921లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చువేయించాడు. తర్వాత బెర్లిన్‌లో నెర్న్‌స్ట్ ప్రయోగశాల. సరిగ్గా ఆ రోజుల్లోనే అంబేద్కర్ కూడా ఆగిపోయిన చదువు పూర్తిచేయడానికి లండన్ తిరిగొచ్చాడు. ఇద్దరికీ రెండేళ్ల తేడా. ఒకరు రూపాయి సమస్య మీద, ఇంకొకరు నక్షత్రాల మీద పనిచేస్తూ ఒకే నగరంలో ఉన్నారు.

1923 నుంచి 1938 వరకు అలహాబాద్ విశ్వవిద్యాలయం. అక్కడ పాఠాల భారం ఎక్కువ, పరికరాలు తక్కువ. 1927లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. నోబెల్‌కు ఆయన పేరును అనేకసార్లు ప్రతిపాదించారు, రాలేదు. ఇది మంచి అన్వయమే గానీ కొత్త ఆవిష్కరణ కాదని కమిటీ భావించింది. అంతకుమించి దీని మీద చర్చ అనవసరం.

అలహాబాద్‌లో ఆయన దృష్టి మన భూమి వాతావరణం మీదికి కూడా మళ్లింది. రేడియో తరంగాలను తిప్పి పంపే ఐనోస్ఫియర్ మీద శిష్యులతో ప్రయోగాలు చేయించాడు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు పై వాతావరణంలోని నత్రజని, ఆక్సిజన్ అణువులను ఏ ఎత్తున ఎలా విడగొడతాయో 1937లో రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. సూర్యుడికి ఆయన వాడిన సమీకరణమే ఇక్కడా ఆధారం. కానీ ఒక అడ్డుంది. నేల మీద నిలబడి సూర్యుణ్ణి చూసేవాడికి అసలైన అతినీలలోహిత భాగం కనబడదు. పైనున్న ఓజోన్ పొర దాన్ని తాగేస్తుంది. అది తాగబట్టే మనం బతుకుతున్నాం గానీ, సూర్యుడిలోని ఎన్నో మూలకాల గీతలు అందులోనే దాగి ఉన్నాయి. అందుకని ఓజోన్ పొరను దాటి, 40 కిలోమీటర్లకు పైన ఒక సౌర పరిశీలనశాల పెట్టాలని హార్వర్డ్‌లో ఉన్నప్పుడు రాసి, 1937లో అక్కడి బులెటిన్‌లో అచ్చువేశాడు. అప్పటికి అంత ఎత్తుకు పరికరం మోసుకెళ్లే సాధనమే లేదు. 1946 అక్టోబర్‌లో అమెరికన్లు జర్మన్ వీ-2 రాకెట్‌లో పరికరం పంపి ఓజోన్ పొర పైనుంచి సూర్యుడి అతినీలలోహిత వర్ణపటాన్ని మొదటిసారి చిత్రించారు.

కులం గురించి ఆయన తన బాధను పెద్దగా చెప్పుకోలేదు. సమాజం గురించి మాత్రం గట్టిగా చెప్పాడు. 1938లో శాంతినికేతన్‌లో చేసిన ప్రసంగంలో, కులవ్యవస్థ మెదడుకూ చేతికీ మధ్య బంధాన్ని తెంపేసిందన్నాడు. చేత్తో పనిచేసేవాణ్ణి అడుగున తొక్కి, పని చేతకానివాణ్ణి నెత్తిన పెట్టుకున్న సమాజంలో యంత్రాలూ పనిముట్లూ ఎలా పుడతాయన్నది ఆయన ప్రశ్న. చెప్పులు కుట్టేవాడికీ కుండలు చేసేవాడికీ చదువు లేదు, చదువున్నవాడికి తోలూ మట్టీ తెలియవు. సనాతనులు విరుచుకుపడ్డారు. అప్పుడు నడిచిన వాదంలో ఆయన చెప్పిన ఒక సంగతి బెంగాల్‌లో సామెతగా మిగిలింది. ఢాకాలో ఒక ప్లీడరు ఆయన పరిశోధన గురించి అడిగాడట. సాహా ఉత్సాహంగా వివరిస్తుంటే, ఇందులో కొత్తేముంది, అంతా వేదాల్లోనే ఉందని ఆ ప్లీడరు మాటిమాటికీ అన్నాడట. ఎక్కడుందో చూపమంటే, తాను వేదం చదవలేదని ఒప్పుకున్నాడట. సాహా మాత్రం ఆ తర్వాత ఏళ్లు వెచ్చించి వేదాలూ పురాణాలూ పాత జ్యోతిష గ్రంథాలూ చదివాడు. ఈ కాలపు సైన్స్ అందులో ఎక్కడా దొరకలేదని చదివిన తర్వాతే చెప్పాడు.

ఆయన్ని ప్రయోగశాల దాటించింది వరదలు. పుట్టిన ఊరే నీళ్ల మధ్య ఊరు. 1913 దామోదర్ వరదల్లో విద్యార్థిగా సహాయం చేశాడు. తర్వాత ఉత్తర బెంగాల్ వరదల్లో ప్రఫుల్ల చంద్ర రాయ్ వెంట పనిచేశాడు. తాను 1935లో స్థాపించిన సైన్స్ అండ్ కల్చర్ పత్రికలో నదుల గురించి వరసగా రాశాడు. 1943లో దామోదర్ మళ్లీ పొంగి కలకత్తాకు రైలు, రోడ్డు దారులు తెగిపోయాక బెంగాల్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘంలో ఆయన సభ్యుడు. అమెరికాలో టెన్నెసీ నదికి చేసినట్టు మొత్తం లోయకు ఒకే ప్రణాళిక ఉండాలని పట్టుబట్టాడు. ఆ పని ఢిల్లీలో ముందుకు నడిపింది వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్న అంబేద్కర్. 1945లో కలకత్తాలో ఆ సమావేశాలకు అధ్యక్షత వహించింది ఆయనే. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ వచ్చింది. తర్వాత దాని ఘనత పంచుకున్నవాళ్ల వరసలో ఈ ఇద్దరి పేర్లూ వెనక్కి పోయాయి. ఆనకట్టల కింద ఊళ్లు పోయిన ఆదివాసుల లెక్క అప్పటి ప్రణాళికల్లో సరిగా పడలేదు. సాహాకు భారీ ప్రాజెక్టుల మీద ఉన్న నమ్మకంలో అది లోటే.

1952లో వాయవ్య కలకత్తా నుంచి కాంగ్రెస్ మీద పోటీ చేసి లోక్‌సభకు గెలిచాడు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల గురించి మాట్లాడాడు. తానూ అక్కడివాడే కదా. అణుశక్తి శాఖ గుట్టుగా నడవడాన్ని 1954లో సభలో నిలదీశాడు. 1950లో ఐరీన్ జోలియో క్యూరీ చేతుల మీదుగా మొదలైన కలకత్తా అణుభౌతిక సంస్థ ఆయన కట్టించిందే. ఇప్పుడు అది ఆయన పేరుతో ఉంది.

చివరి పెద్ద పని పంచాంగాలు. 1952లో ప్రభుత్వం వేసిన క్యాలెండర్ సంస్కరణ కమిటీకి ఆయన అధ్యక్షుడు. దేశం నలుమూలల నుంచి పంచాంగాలు తెప్పించి పరిశీలించారు. మన సిద్ధాంతులు పట్టుకున్న సంవత్సరం నిజమైన రుతు సంవత్సరం కంటే కొన్ని నిమిషాలు ఎక్కువ. ఆ నిమిషాలు 1,400 ఏళ్లలో 23 రోజులయ్యాయి. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబర్ 22న, మనం ఉత్తరాయణ పుణ్యకాలం అంటున్నది జనవరి 14న. ఇంత తేడాను కమిటీ 1955 నివేదికలో లెక్కలతో సహా చూపింది. మార్చి 22తో మొదలయ్యే శక సంవత్సరాన్ని దేశమంతటికీ సూచించింది.

1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళుతూ దారిలోనే గుండెపోటుతో పడిపోయి సాహా మరణించాడు. ఆయనకు అరవై రెండేళ్లు. అదే ఏడాది డిసెంబర్ 6న అంబేద్కర్ పోయాడు. జాతీయ క్యాలెండర్ 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ గెజిట్ పై భాగాన ఆ శక తేదీ ఇప్పటికీ పడుతోంది. మన ఇళ్లలో సంక్రాంతి ముగ్గులు మాత్రం జనవరిలోనే పడుతున్నాయి.